చిల్లు కాణీకి లక్షలు ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మా ఇంటికి ముప్పై ఏళ్లుగా వస్తోంది. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. అదీ పొగడటానికి కాదు, కోప్పడటానికి. ఏమీ అనుకోవద్దు.

మూడు వారాల కిందట ఆదివారం లోపలి పేజీలో ‘పాత నాణెం ఉందా? మీరే లక్షాధికారి!’ అని ఒక చిన్న ఐటెం వేశారు. విక్టోరియా రాణి బొమ్మ రూపాయికి లక్షలు, వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలు, ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు. ఆ లక్షలు ఎవరిస్తారో, ఎందుకిస్తారో, ఇప్పటిదాకా ఎవరికైనా ఇచ్చారో మీరు రాయలేదు. ఇంటర్నెట్‌లో తిరిగేదాన్నే తెచ్చి అచ్చు వేసినట్టుంది. ఫోన్‌లో వస్తే మా వీధివాళ్లు సగమే నమ్ముతారు. పేపర్లో పడితే పూర్తిగా నమ్ముతారు. తేడా అక్కడే వచ్చింది.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. నాణేలు పోగేయడం నా పిచ్చి అని మా సత్యనారాయణపురంలో నాలుగు వీధులకు తెలుసు. దాంతో ఈ మూడు వారాల్లో పద్నాలుగు మంది మా గుమ్మం ఎక్కారు. ఒకాయన జేబు రుమాల్లో మూట కట్టుకుని వచ్చాడు. ఇంకొకాయన కాణీలను చింతపండుతో తోమి, రాగి చెంబులా తళతళలాడించి మరీ తెచ్చాడు. వందేళ్ల ముదురు రంగు మొత్తం పోయింది. కొనేవాడు మొదట చూసేది ఆ రంగునే. ‘మెరిస్తే ఎక్కువ ఇస్తారనుకున్నానండీ’ అన్నాడు పాపం. ఏం చెప్పను?

వీళ్లందరూ ఒక ఎత్తు, పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఆవిడ ఒక ఎత్తు. మా వెనక వీధే. భర్త పోయి ఆరేళ్లయింది. మీ ఐటెం చదివి, కొడుకు ఫోన్‌లో వెతికి, ఒక నంబరు పట్టుకున్నారు. అవతలివాడు నాణేల ఫొటోలు పంపమన్నాడు. పంపారు. పది నిమిషాల్లో 18 లక్షలకు బేరం కుదిరిపోయింది. రిజిస్ట్రేషన్‌కు 1,150 కట్టమన్నాడు, కట్టింది. రిజర్వ్ బ్యాంక్ బొమ్మతో ఒక సర్టిఫికెట్ ఫోన్‌కు వచ్చింది. తర్వాత జీఎస్టీ అని 4,800 అడిగితే అదీ కట్టింది. మూడోసారి ‘విదేశీ పార్టీ కొంటోంది కాబట్టి క్లియరెన్స్’ అని 12,500 అడిగేసరికి, చిట్టీ పాట ముందే పాడేసి కడదామా అన్న ఆలోచనలో పడింది. కట్టే ముందు ఒకసారి అడుగుదామని వచ్చింది, ఏ దేవుడు పంపాడో.

‘అన్నయ్యగారూ, ఇవి మంచివేనా?’ అంటూ అత్తగారి తమలపాకుల పెట్టె తెరిచి నా ముందు పెట్టింది.

అందులో ఐదు బిళ్లలున్నాయి. విక్టోరియా వెండి రూపాయలు రెండు. వాటిలో ఒకటి 1862ది, రెండోది 1882ది. ఒక చిల్లు కాణీ. అంచులు పూరేకుల్లా వంపులు తిరిగిన ఒక అణా. అయిదోది, ఆ 18 లక్షలు పలికింది, రామ పట్టాభిషేకం బొమ్మతో, వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న రాగి బిళ్ల.

ఆ 18 లక్షలదే దొంగది. కంపెనీ 1818లో రాముడి బొమ్మతో అలాంటి నాణెం వేయలేదు. ఇవి చాలా తర్వాత ఎవరో తయారుచేసి గుళ్ల దగ్గరా, తిరునాళ్లలోనూ అమ్మిన బిళ్లలు. ఇలాంటి కంపెనీ బిళ్లలకే బియ్యపు గింజలు లాగే శక్తి ఉందని చెప్పి రైస్ పుల్లింగ్ ముఠాలు కోట్లలో బేరాలు పెడతాయి. ఆ ముఠాలు పట్టుబడితే జిల్లా పేజీలో ఫొటోతో సహా వేసేది మీరే. అదే పత్రికలో ఆదివారం పూట నాణేనికి లక్షలని వస్తే ఎలాగండీ?

మిగతావి అసలైనవే. రూపాయలను తూచాను. అరగని రూపాయి 11.66 గ్రాములుండాలి, అరిగితే కొంచెం తగ్గుతుంది. అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. కృష్ణలో జనం విసిరిన చిల్లర లాగే కుర్రాళ్ల దగ్గర తాడుకు కట్టిన అయస్కాంతం ఉంటుంది చూడండి, అలాంటి ముక్క నా దగ్గరా ఒకటుంది. వెండి రూపాయి దానికి అంటుకోదు. అంటుకుంటే అనుమానించాలి. రాజు బొమ్మ రూపాయల్లో ఒక్క 1947ది మాత్రం అంటుకున్నా అసలుదే, ఎందుకంటే అది నికెల్‌ది. అంతకుముందే, 1940లో, యుద్ధం రోజుల్లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు.

ఆవిడ రూపాయలు రెండూ మంచివే. కానీ అరుదైనవి కావు. విక్టోరియా బొమ్మ రూపాయలు 1840లో మొదలై ఆ రాణి పోయేదాకా కలకత్తాలో, బొంబాయిలో, కొన్నాళ్లు మద్రాసులో గుట్టలు గుట్టలుగా కొట్టారు. పైగా 1862 అని ఉన్న రూపాయిని ఆ ఒక్క ఏడాదే కొట్టలేదు. అదే సంవత్సరం వేసి 1874 దాకా కొడుతూనే పోయారు. నా దగ్గరకు వచ్చిన పద్నాలుగు మందిలో ఐదుగురు తెచ్చింది ఆ 1862 రూపాయే. నూటఅరవై ఏళ్ల పాతది కాబట్టి కోట్లు వస్తాయంటారు. పాతదనానికే ధర ఉంటే మా ఇంటి సన్నికల్లుకు ఎంత రావాలి? వెండి కొట్లో వెండి ధర ఇస్తారు. నాణేలవాడు, బొమ్మ అరగకపోతే, ఆ పైన కొంత కలిపి ఇస్తాడు. నిజం ఇంతే. వెండి ధర ఇప్పుడున్న తీరుకు అదేం తక్కువా కాదు. ఆ మాట చెబితే ఆవిడ ముఖం కొంచెం తేటపడింది.

నేను ఇందులోకి ఎలా దిగానో కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఏదో బేరానికి రాస్తున్నాననుకుంటారు. 1986లో బందరు సర్వీసు మీద ఉన్నాను. ఉయ్యూరు దాటాక సందె చీకట్లో ఎవరో ఇచ్చిన రూపాయి బిళ్లను సంచీలో వేసుకున్నాను. చేతికి కాస్త బరువుగా తగిలింది గానీ ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి ఉంటే ఎవరు చూస్తారు? డిపోలో క్యాష్ కట్టేటప్పుడు చూస్తే ఒకవైపు ఎలిజబెత్ రాణి, రెండోవైపు కిరీటం పెట్టుకున్న సింహం. ఇంగ్లండు పది పెన్నీల బిళ్ల. అప్పటి మన పెద్ద రూపాయి 8 గ్రాములు, అది 11 గ్రాములకు పైన. సైజు దాదాపు ఒకటే. రూపాయి లోటు నా జేబులోంచి కట్టాను. లెక్క ప్రకారం ఆ పది పెన్నీలు రూపాయి కంటే ఎక్కువేనని తర్వాత ఒక బ్యాంకాయన చెప్పాడు. ‘అయితే మార్చి ఇవ్వండి’ అంటే, విదేశీ చిల్లర మేం తీసుకోం అన్నాడు. ఇచ్చినవాడు మోసపోయాడో, నేను మోసపోయానో ఇప్పటికీ తేలలేదు. 1993లో ఇంగ్లండులోనే దాన్ని రద్దు చేశారు కాబట్టి ఇక తేలదు కూడా.

ఆ బిళ్లతో మొదలైంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా సంచీలోకి సిలోనువి, మలయావి, మారిషస్‌వి వస్తూనే ఉన్నాయి. ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్లు, గల్ఫ్ నుంచి దిగినవాళ్లు తెలిసో తెలియకో ఇచ్చేవాళ్లు. నలుపలకల ఒక సెంటు నాణెం వచ్చినప్పుడు మాత్రం, ఇది తెలిసే ఇచ్చారని ఒప్పుకోక తప్పలేదు. బిళ్లకు నాలుగు మూలలుంటే ఎవడైనా రూపాయి అనుకుంటాడా? లోటు కట్టీ కట్టీ మా ఆవిడ చేత తిట్లు తిన్నాను. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అనేది. ఆ దమ్మిడీ కూడా నా డబ్బాలో ఉందని చూపిస్తే ఇంకా కోపం.

లక్షల మాట పక్కన పెట్టి చూస్తే ఈ బిళ్లల్లో ఏముందో రెండు మూడు చెబుతాను. మీ ఐటెంలో ఉండాల్సినవి ఇవీ.

నా దగ్గర తూర్పు ఆఫ్రికా పది సెంట్ల నాణెం ఒకటుంది. మధ్యలో చిల్లు, దాని చుట్టూ ఏనుగు దంతాలు. 1936ది. దాని మీద ఎనిమిదో ఎడ్వర్డ్ పేరుంది. ఈయన పెళ్లి కోసం సింహాసనం వదులుకున్నవాడు. ఆ ఏడాది జనవరిలో రాజై డిసెంబరులో దిగిపోయాడు. ఆయన బొమ్మతో ఇంగ్లండు నాణేలు సిద్ధమయ్యేలోపే రాజ్యం అయిపోయింది. కానీ తూర్పు ఆఫ్రికా, పశ్చిమ ఆఫ్రికా, ఫిజీ, న్యూగినీ చిల్లు నాణేల మీద నడిమధ్య చిల్లు కాబట్టి రాజు తలకాయ చోటే లేదు, పేరు ఒక్కటే. అందుకని అవి ముందే అచ్చయి జనంలోకి వెళ్లిపోయాయి. తన దేశంలో ఒక్క నాణెం చలామణిలో చూసుకోని రాజు పేరు ఆఫ్రికా సంతల్లో చేతులు మారిందన్నమాట. ఇంత కథ ఉంది కదా, దీనికి ఎన్ని లక్షలు? నేను కొన్నది వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లో, అరవై రూపాయలకు. ఆ నాణేలు లెక్కకు మించి వేశారు. రాజు అరుదు గానీ, బిళ్ల అరుదు కాదు. ధర వచ్చేది కథకు కాదు, ఎన్ని మిగిలాయి, ఎంత మంది అడుగుతున్నారు అన్నదానికి.

దానికి ఎదురు ఉదాహరణ 1939 రూపాయి. పక్కన 1938ది పెడితే మామూలు మనిషికి తేడా తెలియదు. కానీ నిజంగా దొరకనిది అదే. దొరకదు కాబట్టే సంతలో కనిపించే 1939 రూపాయల్లో దొంగవి బోలెడు. నేను ఇప్పటిదాకా కొనలేదు. కొనే తాహతూ లేదు, పోల్చుకోగలనన్న ధైర్యమూ లేదు.

నా దగ్గరున్నవాటిలో నేను ఎక్కువ పెట్టి కొన్నది 1911 రూపాయి. అయిదో జార్జి పట్టాభిషేకం ఏడాదిది. ఆయన అంగీ మీద హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడు. మన జనం కంటికి అది పందిలా కనిపించి, గొడవై, ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుంది. 1912 నుంచి తొండం బాగా కనిపించేలా మార్చారు. భూతద్దం కింద రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. గోటి మొన కంటే చిన్న బొమ్మ, దానికోసం లక్షల రూపాయి బిళ్లలు కరిగిపోయాయి. దీన్ని కొన్న రోజు మా ఆవిడ ‘బోనస్ డబ్బులు పెట్టి పందిని తెచ్చారా ఇంట్లోకి’ అంది. పూజగది ఉన్న వైపు బీరువాలో పెట్టనివ్వలేదు. ఇప్పటికీ అది ముందు గదిలోనే ఉంటుంది.

ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. ఇంగ్లండు పెద్ద పెన్నీలు రెండు పక్కపక్కన అతికించి పెట్టుకున్నాను, 1948ది, 1949ది. మొదటిదాని మీద రాజు పేరు చివర, భారత చక్రవర్తి అన్న అర్థం వచ్చే రెండు పొట్టి లాటిన్ మాటలున్నాయి. రెండోదాని మీద లేవు. మనకు స్వాతంత్ర్యం వచ్చింది 1947 ఆగస్టులో. ఆ కబురు వాళ్ల పెన్నీకి చేరేసరికి 1949 అయింది. మన దగ్గర మాత్రం వేగం ఏముంది లెండి, రాజు తలకాయ తీసేసి సింహాల బొమ్మతో కొత్త నాణేలు తేవడానికి 1950 ఆగస్టు పట్టింది.

మనం రోజూ వాడే మాటలు కూడా ఈ డబ్బాలోవే. అసలు ‘డబ్బు’ అన్నదే ఒక రాగి బిళ్ల పేరు, రూపాయికి 48. మన ఉత్తర సర్కారుల (అప్పటి కోస్తా జిల్లాల) కోసం కంపెనీవాళ్లు 1794లో దాన్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రంతో కొట్టించి ఓడల్లో తెప్పించారు. ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో దాని మీదే రాసి ఉంటుంది. గుంటూరు, కొండపల్లి సర్కార్ల రైతులు కూలీకి, ఉప్పుకి ఇచ్చుకున్న చిల్లర అది. తులం అంటే అప్పట్లో వెండి రూపాయి బరువు. బంగారం కొట్లో కాసు అంటే ఇప్పటికీ 8 గ్రాములు లెక్క కడతారు కదా, అది సవరను అనే ఇంగ్లండు బంగారు నాణెం బరువు. మా అమ్మ మెడలో గుర్రం మీద మనిషి బొమ్మ కాసులు రెండుండేవి. ఆ గుర్రం కింద ఉన్నది పాము అని మేం అనుకునేవాళ్లం. మా చెల్లెలి పెళ్లికి కరిగించారు. ఇప్పుడు తలచుకుని లాభం లేదు.

సరే, పచ్చళ్లావిడ సంగతికి వస్తాను. ఆవిడ చేత అక్కడికక్కడే 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసాలకు అదే నంబరు. ఫిర్యాదు నమోదైంది, డబ్బు వస్తుందో రాదో తెలియదు. పాత నోట్లు, నాణేలు కొనడం, అమ్మడంతో తమకు ఏ సంబంధమూ లేదనీ, అలాంటి లావాదేవీలకు ఎవరి దగ్గరా ఎలాంటి ఫీజూ, కమీషనూ అడగబోమనీ, తమ పేరు, గుర్తు వాడి మోసం చేస్తున్నారనీ రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన మీ ఆఫీసులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. ఇక ‘విదేశీ పార్టీ’ అన్న మాట. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మామూలు మనిషి దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. అంటే వాడు చెప్పిన అబద్ధం నిజమైనా నేరమే అయ్యేది.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. ఆ ఐటెం తప్పని, అదే పేజీలో, అంతే సైజులో వేయండి. మూలన సవరణ అని రెండు లైన్లు వేస్తే పచ్చళ్లావిడ లాంటివాళ్లు చూడరు. దాని పక్కన రిజర్వ్ బ్యాంక్ ప్రకటన, 1930 నంబరు వేయండి. నాణేలను తోమొద్దని కూడా ఒక ముక్క కలపండి. చింతపండుతో వద్దు, నిమ్మకాయతో వద్దు, పళ్ల పొడితో అసలే వద్దు.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జతచేస్తున్నాను. చిన్నప్పుడు అందరం చేసినట్టే, కాగితం కింద బిళ్ల పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. అది ఆవిడ పెట్టెలోని వంపుల అంచు అణా, అయిదో జార్జి కాలంది, 1919. రాజు వైపు కాదు, రెండో వైపు. అంకె చుట్టూ చిన్న అక్షరాలున్నాయి. హిందీ, బెంగాలీ, ఉర్దూ, వాటితోపాటు మన తెలుగు. ఆవిడకు భూతద్దం ఇచ్చి చూడమన్నాను. కాసేపు అటూ ఇటూ తిప్పి, ‘ఒక... అణా’ అని కూడబలుక్కుని చదివింది. ‘తెలుగేనండీ అన్నయ్యగారూ, మన తెలుగే!’ అని మళ్లీ చదివింది. అత్తగారి పెట్టెలో ఇన్నేళ్లు ఉన్నా ఎప్పుడూ చదవలేదట. రూపాయలు రెండూ అమ్మిపెట్టమని నాకే ఇచ్చి, అణాను మాత్రం పమిట కొంగున ముడి వేసుకుని వెళ్లింది. ఈ రుద్దుడు కాగితం కోసం మళ్లీ వాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది.

వీలైతే ఈ బొమ్మ వేయండి. కింద ధర రాయాలనుకుంటే యాభై రూపాయలని రాయండి. నా దగ్గరున్న అలాంటిదే నేను అంతకే కొన్నాను.

నా పేరు మాత్రం వేయవద్దని మనవి. ఇంట్లో వెండి బిళ్లలున్నాయని ఊరంతా తెలియడం మంచిది కాదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
సత్యనారాయణపురం, విజయవాడ.